ఆకాశపు మట్టికి సాక: శ్రీమతి ప్రేమలత గారి పదవీ విరమణ వేళ

1985వ సంవత్సరం జూన్ నెల పదిహేడవ తేదీ, సోమవారం నాడు, శ్రీమతి ప్రేమలత గారు సిరిసిల్ల భూసార పరీక్షా కేంద్రంలో ప్రయోగశాల సహాయకురాలిగా విధుల్లో చేరారు. అంతకు ముందు రోజు కురిసిన మృగశిర కార్తె వానకు రైతులు పరీక్షకు తెచ్చిన మట్టి సంచులన్నీ తడిసి ముద్దయ్యాయట. నియామక పత్రం చేత పట్టుకొని వచ్చిన కొత్త ఉద్యోగిని, కూర్చోవడానికి కుర్చీ ఎక్కడని అడగకుండా, ఆ మట్టినంతా వరండాలో కాగితాల మీద పరిచి నీడకు ఆరబెట్టారట. కుర్చీ కోసం ఆమె ఆనాడే కాదు, ఈ ముప్పయి నాలుగేళ్ల సర్వీసులో ఏనాడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

రుద్రంగి గ్రామంలో గీత కార్మికుడు కొమురెల్లి గారి ఇంట జన్మించిన ప్రేమలత గారికి విద్య అనాయాసంగా అబ్బినదే గాని, అనాయాసంగా అందినది కాదు. తాటివనాలు ఎండిన సంవత్సరాల్లో తండ్రి చెట్టెక్కే మోకూ ముత్తాదూ కొయ్యకు తగిలించి బొంబాయి బస్సెక్కగా, తల్లి వాకిట్లో కూర్చొని ఆయన రాక కోసం ఎదురుచూసే సాయంత్రాల్లోనే తాను పదవ తరగతి పాఠాలు చదివానని ఆమె ఒకసారి నాతో చెప్పారు. ఇంటికి దూరమైన మనిషి కోసం ఒక ఆడమనిషి ఎట్లా ఎదురుచూస్తుందో ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఆ ఎరుక ఆమె స్వభావంలో కడదాకా నిలిచింది.

సిరిసిల్లలో ఆమె పనిచేసిన కాలం మగ్గాలు ఆగి, ఇండ్లకు తాళాలు పడి, కుటుంబాలకు కుటుంబాలే భీవండికీ షోలాపూర్‌కూ తరలిపోయిన కాలం. మానేరు ఒడ్డున రంగులద్దకం నీళ్లు పారిన చెలకల్లో మొలక ఎందుకు మాడిపోతున్నదో తేల్చడానికి ఆమె కాలినడకన తిరిగి మట్టి తెచ్చేవారు. అటు తర్వాత బదిలీపై కోరుట్లకు వచ్చినప్పుడు అక్కడి పరిస్థితి మరో విధంగా ఉండేది. మగవారిలో సగం మంది గల్ఫ్ దేశాల్లో ఉండగా, వ్యవసాయం ఆడవారి నెత్తిన పడింది. బీడీలు చుట్టే చేతులతోనే వారు మట్టి సంచులు పట్టుకొని మా కేంద్రం గడప తొక్కేవారు. సహోద్యోగిగా నాకు ఆమె పరిచయం అక్కడే. నేను కాగితాలు చూసే గుమాస్తాను, ఆమె మట్టి చూసే మనిషి. ఇద్దరికీ మధ్యాహ్నం టీ ఒకటే.

ఆమె కోపం గురించి ఈ వీడ్కోలు సంచికలో మరెవరూ రాయరని తెలుసు గనుక నేనే రాస్తున్నాను. ఒకనాడు ఒక రైతు ఖాళీ యూరియా సంచిలో మట్టి నింపుకొని దర్జాగా వచ్చి బల్లమీద పెట్టాడు. ప్రేమలత గారు సంచిని చూశారు, రైతును చూశారు. “యూరియా సంచిల మట్టి తెచ్చి, నా చెల్కల యూరియా ఎంతున్నదో చెప్పుమంటె ఎట్ల కాకా? సంచికి చెప్పాల్నా, చెల్కకు చెప్పాల్నా?” అన్నారు. ఆ పెద్దమనిషి నవ్వి వెళ్లిపోతే, మరునాడు తానే బస్సెక్కి ఆయన పొలానికి వెళ్లి, అక్కడక్కడ గుంటలు తీయించి, శుభ్రమైన గుడ్డ సంచిలో నమూనా తీసుకొచ్చారు. మట్టిలో బయటిది ఏది కలిసినా కలవవచ్చును గాని, ఏం కలిసిందో మనకు తెలియాలి అన్నది ఆమె వృత్తి ధర్మం. తిట్టిన వాళ్ల ఇంటికి మరునాడు వెళ్లడం కూడా ఆమె అలవాటే.

2001లో ఇరువురమూ జగిత్యాలకు బదిలీ అయ్యాము. వరుసగా వానలు మొహం చాటేసిన సంవత్సరాలవి. బోర్లు ఎండి, అప్పటిదాకా వెళ్లనివారు కూడా పాస్‌పోర్టు ఫొటోలు దిగుతున్న రోజులు. ఆ దశలోనే, 2003 మార్చి మొదటి వారంలో, మా ఉద్యోగ జీవితంలో ఎవరూ ఊహించని ఘటన జరిగింది. ఒక దూరదేశపు అంతరిక్ష పరిశోధన సంస్థ, సూర్యుని చుట్టూ తిరిగే ఒక చిన్న గ్రహశకలం మీది ధూళిని సేకరించి తెమ్మని ఏళ్ల క్రితం ఒక నౌకను పంపించింది. ఆ ధూళిని మోసుకొచ్చిన పేటిక ఎక్కడో ఎడారిలో పారాచూట్ సాయంతో మెల్లగా దిగవలసి ఉండగా, దారి తప్పింది. పారాచూట్ విచ్చుకోలేదు. పొద్దుపొడుపు వేళ అది నేరుగా వచ్చి బీర్పూర్ శివారులో, బుచ్చన్న అనే రైతు పసుపు ఉడికించి ఆరబోసుకున్న కళ్లం పక్కన నేలను ఢీకొని పగిలిపోయింది. గల్ఫులో యుద్ధం వస్తుందని రేడియోలన్నీ మోగుతున్న వారం కావడంతో, అక్కడ వేయవలసిన బాంబే దారి తప్పి ఇక్కడికి వచ్చిందని జగిత్యాల బస్టాండులో గట్టిగా చెప్పుకున్నారు.

పగిలిన పేటికలోని ధూళి చుట్టుపక్కల మట్టిలో కలిసి ఉండవచ్చును గనుక, శాస్త్రీయ పద్ధతిలో మట్టి నమూనాలు తీయవలసిందిగా మా కేంద్రానికి ఆదేశం వచ్చింది. మరునాడు ప్రేమలత గారు సంచులూ సీసాలూ సర్దుకోగా, తోడుగా నేను జీపెక్కాను. పసుపు ఉడికించే కడాయి అంత వస్తువు సగం నేలలో దిగబడి, పైపెంకు చీలి ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకరు దాని పక్కన మోకాళ్ల మీద కూర్చొని ఉన్నారు. ఆయన ముఖం చూస్తే పేటిక పగిలినందుకు బాధపడుతున్నట్టు లేదు. అంతకన్నా పెద్ద చిక్కేదో వచ్చినట్టుంది. పెంకు మీద పచ్చటి చారలు, జిగట. చీలికలోంచి ఏదో ద్రవం లోపలికి దిగింది.

“దీంట్లో ఏం కలిసిందో తెలిస్తే, ఆ కలిసినదాన్ని వేరు చేసి మిగిలింది చూడగలం. తెలియకపోతే ఏది ఆకాశానిది, ఏది ఇక్కడిదని ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్ల శ్రమ మొత్తం పక్కన పెట్టవలసిందే” అని ఆయన అక్కడి ఎస్సైకి నచ్చజెప్పారు. ఎస్సై గారు ఆ మాటను తనకు తెలిసిన భాషలోకి మార్చి జనం మీదికి విసిరారు. “ఎవలు ముట్టిండ్రో మర్యాదగ చెప్పుండ్రి. లేకుంటె వాడకట్టు మొత్తం మీద కేసు రాస్త.” జనమంతా ఒక్క గొంతుతో, “ఎవ్వలు ముట్టలే సారూ” అన్నారు. అంత ఐకమత్యం నేను ఎన్నికలప్పుడు కూడా చూడలేదు.

ప్రేమలత గారు వంగి, పెంకు దగ్గరగా ముఖం పెట్టి వాసన చూశారు. లేచి నా పక్కకు వచ్చి మెల్లగా అన్నారు: “తమ్మీ, కల్లు పులిసిన వాసన గిది. బెల్లం జిగట. ఎవలో దీనికి సాక పోసిండ్రు.” పసుపు, బెల్లం, వేపాకు కలిపిన నీళ్లనూ, కల్లునూ పోచమ్మ ముందు ధారగా వదిలి, వేడి చల్లార్చమని మొక్కుకోవడాన్ని మన దగ్గర సాక పోయడమంటారని ఈ సంచిక చదివే స్థానికులకు చెప్పనక్కరలేదు, బయటి నుంచి వచ్చిన బంధుమిత్రుల కోసం రాస్తున్నాను. గీత కార్మికుని ఇంట పుట్టిన మనిషి గనుక ఆమెకు ఆ వాసన తెలిసింది. తెలిసినా, ఎస్సై గారి ముందు ఆమె నోరు మెదపలేదు.

కళ్లం పందిరి కింద పసుపు ఏరుతున్న ఆడవాళ్ల నడుమ ఆమె వెళ్లి నేల మీదే చతికిలబడ్డారు. తానూ నాలుగు కొమ్ములు చేతిలోకి తీసుకొని, వేళ్లతో మట్టి రాల్చుతూ, ఎవరినీ ఉద్దేశించకుండా, ఇంటి పక్క మనిషి అడిగినట్టు అడిగారు. “సాకల వేపాకు ఏసిండ్రా లేదా అక్కా?” “వెయ్యకుంటె సాకెట్లయితది మేడం” అని ఒక గొంతు ఠక్కున పలికి, అంతలోనే ఆ మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె పేరు ముత్తమ్మ. సొంత భూమి లేని కుటుంబం. బుచ్చన్న కళ్లంలో కూలికి కాపలా ఉన్నది ఆమే.

“పొద్దుపొడుపుల పడ్డది మేడం” అని ముత్తమ్మ చెప్పింది. “పొగ లేస్తున్నది. భూమి సలసల కాగుతున్నది. కళ్లంల నేనొక్కదాన్నే ఉంటి. భూతల్లి కడుపు కాలవట్టె, నేను సూసుకుంట ఎట్ల ఊకుండాలె? ఇంటికి ఉరికి సాక తెచ్చి పోసిన. సల్లగుండు తల్లీ, పోయినోళ్లను ఇంటికి సేర్చు అని మొక్కిన. గంతె. పాపం జేయలే.”

ఆ తర్వాత ఆమె రెండు చేతులూ జోడించింది. “నా పేరు రాయకు మేడం, నీ కాళ్లు మొక్కుత. మా ఆయన మైసయ్య గల్ఫుల కంపెనీ నుంచి బయటవడి ఖల్లివెల్లి అయిండు. గిప్పుడు గా సర్కారు మాఫీ ఇచ్చిందట. గీ గడువుల రాకుంటె మల్ల జైలే. చేతుల పాసుపోటు లేదు. గీయన మా ఊరోడే, మంచోడే అని గీ ఠాణా నుంచే కాయితం పోవాలె. నా మీద కేసైతె ఆ కాయితం ఎవలు రాస్తరు?” పని వదిలి చాటుగా బతుకుతున్న వలస కూలీని గల్ఫులో ఖల్లివెల్లి అంటారు. ఒకవైపు నౌక తెచ్చిన ధూళి, మరొకవైపు ఒక మనిషి తిరిగి రావడం. రెండూ ఆ క్షణాన ప్రేమలత గారి చేతిలో పడ్డాయి.

“నీ పేరు నాకెందుకక్కా” అన్నారు ప్రేమలత గారు. “నీ చెంబు కావాలె నాకు.”

ముత్తమ్మ లేచి ఇంటికి పోయి చెంబు తెచ్చి ఇచ్చింది. అప్పటినుంచి ప్రేమలత గారు చేసిన పనిని నేను కళ్లారా చూశాను. సాక తెచ్చిన చెంబు అడుగున అంటుకున్న జిగటను గీకి ఒక సీసాలో వేశారు. అదే ఇంటి పసుపు, అదే గడ్డ బెల్లం, అదే చెట్టు వేప రెమ్మ, అదే బావి నీళ్లు విడివిడిగా తీసుకున్నారు. కల్లు ఏ చెట్టుదో కనుక్కొని, ఆ గీత కార్మికుణ్ని బతిమాలి, అదే చెట్టు కల్లు పట్టించారు. ప్రతి దాని మీదా వస్తువు పేరు రాశారే గాని మనిషి పేరు రాయలేదు. ఆడవాళ్లు ఇదంతా గమనిస్తున్నారు. కాసేపటికి ఒకామె, తాను కొంగుతో పెంకు తుడిచానని చెప్పి ఆ చీర కొంగును చూపింది. కొంగు నుంచి ఒక దారపు పోగు కూడా సీసాలోకి చేరింది.

అప్పుడు రాజక్క అనే పెద్దామె దగ్గరికి జరిగి, “పేర్లు రాస్తలేవు గదా బిడ్డా?” అని రెట్టించి అడిగి, లేచి ఇంటికి పోయి, తెల్లటి గుడ్డలో చుట్టిన అరచేతి వెడల్పు బిళ్ల ఒకటి తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. “ముత్తమ్మ సాకకు పోయినప్పుడు తెచ్చిన. మెరుస్తుంటె దేవుడే అనుకున్న. దేవుని గూట్లె వెట్టిన. పసుపు గూడ ఇంక పెట్టలే బిడ్డా, శుక్రారం పెడుదామనుకున్న.” సాక పడకముందే రాజక్క చేతికి చిక్కిన ఆ బిళ్ల మీద తడి తగలలేదు. దాన్ని చూసిన శాస్త్రవేత్త గారు, పేటికలో ధూళిని పట్టి ఉంచే బిళ్ల ఇదేనంటూ కన్నీళ్లు పెట్టుకొని, ఆ గుడ్డ ముడిని మళ్లీ అట్లాగే కట్టి గుండెలకు హత్తుకున్నారు. ఆయన ధూళి కోసం ఏడవడం చూసి ఊరి ఆడవాళ్లకు ఆయన మీద జాలి కలిగింది. ఒకామె మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఎస్సై గారికి మాత్రం మజ్జిగతో తృప్తి కలగలేదు. “పేర్లేవి మేడం? మీ సంచుల మీద రైతుల పేర్లు రాయరా?” అని అడిగారు. “రాస్తం సార్, ఫలితం రైతుకు ఇయ్యాలె కాబట్టి. ఇక్కడ ఫలితం సైంటిస్టు సారుకు ఇయ్యాలె. అందుకని సారు పేరు రాసిన” అని ఆమె సీసాలు సర్దిన సంచి తిప్పి చూపించారు. నిజంగానే దాని మీద ఆయన పేరే ఉంది. శాస్త్రవేత్త గారు తనకు కావలసినవన్నీ అందాయనీ, పేర్లతో తనకు పని లేదనీ చెప్పడంతో కేసు నమోదు కాలేదు. ఆ వారంలోనే మైసయ్య ఊరూ పేరూ ధ్రువీకరించే కాగితం ఆ ఠాణా నుంచే బయలుదేరింది.

అక్కడ ముగియవలసిన కథను కాగితాలు ముగియనివ్వలేదు. సాక్షుల పేర్లు దాచినందుకు సంజాయిషీ ఇవ్వమంటూ పై కార్యాలయం నుంచి మెమో వచ్చింది. పరిశోధనకు అవసరమైనవన్నీ సమర్పించితిని, పేర్లు అందుకు అవసరము కావు అని ఆమె ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఆ వాక్యాన్ని టైపు చేసింది నేనే. మరొక్క వాక్యం కలుపుదామని ఎంత పోరినా ఒప్పుకోలేదు. ఆమె పదోన్నతి ఆగిపోయింది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవారు ఆమెకు పైఅధికారులై, ఆమె సెలవు చీటీ మీద సంతకాలు పెట్టారు. ఇది అన్యాయమని నేను అప్పుడు అన్నాను, ఇప్పుడు అచ్చులోనూ అంటున్నాను, నొచ్చుకునేవారు నొచ్చుకోవచ్చు. ఇంట్లో భర్త జితేందర్ గారు, కుమార్తె శ్రీజ కారణం అడిగినప్పుడల్లా, “సర్కారు పని గట్లనే ఉంటది” అని ఆమె నవ్వి ఊరుకునేవారని శ్రీజ మొన్ననే నాతో చెప్పింది. ఆ బిడ్డకు ఈ పేజీ ద్వారా అసలు జవాబు అందుతున్నది.

మరుసటి సంవత్సరం ఆ శాస్త్రవేత్త గారు స్వయంగా జగిత్యాలకు వచ్చారు. ఈమె పంపిన సీసాల ఆధారంగా పసుపు, బెల్లం, కల్లు జాడలను వేరు చేసి, పేటికలోని ధూళిలో చాలా భాగాన్ని పరిశోధనకు పనికి వచ్చేట్టు చేసుకున్నామనీ, రాజక్క గూట్లో దాచిన బిళ్ల అన్నిటికన్నా విలువైనదనీ చెప్పారు. ప్రేమలత గారు శ్రద్ధగా విని, “రాజక్కకు గుడ్డ వాపసు పంపుండ్రి సార్, అది ఆమె పట్టుబట్ట” అన్నారు. ఆయన గుడ్డ పంపించారు.

ఆలస్యంగానైనా 2009లో వచ్చిన పదోన్నతితో ఆమె మన కేంద్రం ప్రయోగశాల బాధ్యతలు స్వీకరించారు. సాగర్, లావణ్య వంటి నేటి యువ సిబ్బందికి పని నేర్పిందీ, వాళ్లు చేసిన తప్పులకు వాళ్లను తిట్టిందీ, ఆ తప్పులకు పైవారి ముందు తాను తలవంచిందీ ఆమే. ధర్మపురి గోదావరి ఒడ్డు నుంచి రుద్రంగి ఎర్ర చెలకల దాకా ఆమె చేతి మీదుగా పోని మట్టి ఈ ప్రాంతంలో అరుదు. తన చేతిలోకి వచ్చిన మట్టిని ఆమె ఎన్నడూ పారబోయలేదు. పరీక్ష ముగిసిన మట్టిని కేంద్రం వెనుక మడిలో వేసి, అందులో బంతి మొక్కలు పెంచేవారు.

ఈ సంచికకు వ్యాసం రాస్తానన్నప్పుడు ప్రేమలత గారు నాకు ఒకే షరతు పెట్టారు. “బీర్పూర్ సంగతి రాస్తె రాయి తమ్మీ. ఆమె పేరు మాత్రం రాయకు.” ఆమె మాట నేను జవదాటలేదు; జవదాటింది ముత్తమ్మే. పదవీ విరమణ కబురు చెప్పి వద్దామని పోయిన ఆదివారం నేను బీర్పూర్ వెళ్లాను. భార్యాభర్తలిద్దరూ వాకిట్లో మక్కకంకులు ఒలుస్తున్నారు. పదోన్నతి ఆగిన సంగతి ముత్తమ్మకు తెలియదు. నా నోటి వెంట అది వినగానే ఆమె చేతిలోని కంకి కింద పెట్టి, మైసయ్య వైపు తిరిగి, సాక పోసిన దగ్గరి నుంచి అంతా మొదటిసారిగా ఆయనకు చెప్పింది.

“పదారేండ్లాయె. నాకొక్క ముచ్చట చెప్పకపోతివి” అన్నాడు మైసయ్య.

“చెప్తె ఊరంత చెప్పుకుంట తిరుగుతవని చెప్పలే. ఆమె కొలువు మీదికస్తదని చెప్పలే.”

మైసయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. “గా ఎండకాలం నేను ఇమానం దిగినప్పుడు, నా అదృష్టం మంచిగున్నదనుకున్న సారూ. అదృష్టం కాదది. గా మేడం తన కొలువు అడ్డం పెట్టింది” అన్నాడు. ముత్తమ్మ నా జేబులోని పెన్ను వైపు చెయ్యి చూపింది. “రాయి సారూ. గిప్పుడు నా పేరు రాస్తె ఎవలకు నట్టం లేదు. రాయకుంటెనే నట్టం. ముత్తమ్మ, మైసయ్య పెండ్లాం, బీర్పూర్. సాక పోసింది నేనే అని రాయి. మేడం తప్పు చెయ్యలే అని రాయి.” రాశాను. ఆనాటి మెమోకు ఇన్నేళ్లకు పూర్తి సంజాయిషీ ఇదే.

మేడం, మీరు మైసయ్యను ఎన్నడూ చూడలేదు. ఈ సంచిక మీ చేతికి అందేవేళ, సభలో ముత్తమ్మ పక్కన కూర్చొని ఉన్న నెరిసిన జుట్టు మనిషే ఆయన. మాట్లాడమంటే తనకు రాదన్నాడు. తన తరఫున ఒక్క మాట రాయమన్నాడు. “ఆమె సల్లగుండాలె. రోగం నొప్పి లేకుండ, తన ఇంట్ల తనవాళ్ల నడుమ నిండు నూరేండ్లు ఉండాలె. నేను ఉన్నట్టు.” మీ సహోద్యోగులమైన మేమందరం కలిసి ఎంత వెతికినా మీకు చెప్పదగిన ఆకాంక్ష ఇంతకన్నా గొప్పది దొరకలేదు. అదే మా అందరి కోరిక.

నర్సింగం
సీనియర్ అసిస్టెంట్
జగిత్యాల, జూలై 31, 2019